పని కుక్కకు ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎంత పరుగెత్తించాలి

ఇది సోఫా మీద పడుకునే కుక్కల కోసం రాస్తున్నది కాదు. గొర్ల మంద వెనక పొద్దంతా నడిచేది, బత్తాయి తోటకు రాత్రంతా కాపలా తిరిగేది, వాసన పట్టి మనిషిని వెతకడం నేర్చుకుంటున్నది, రోడ్డు మీద నుంచి తెచ్చుకున్నాక ఇప్పుడిప్పుడే కండ పట్టి మనతోపాటు పొద్దున పరుగుకు వస్తున్నది, ఇలాంటి కుక్క ఇంట్లో ఉన్నవాళ్ల కోసం. నల్లగొండ, పాలమూరు వైపు నేను చూసినంతలో వీటన్నిటికీ జరిగే అన్యాయం ఒకటే: పని ఉన్న రోజూ అదే గిన్నె, పని లేని రోజూ అదే గిన్నె, ఎండాకాలమైనా ముసురైనా అదే గిన్నె. మిగిలిన అన్నం ఎంతుంటే అంత. ఇంకో వైపు, వేలు పోసి జర్మన్ షెపర్డ్‌ను కొని, ఖరీదైన బస్తా తెచ్చి, గిన్నె ఖాళీ అయినప్పుడల్లా నింపేవాళ్లు. మొదటి కుక్క ఎండిపోతుంది, రెండోది ఊబుతుంది, రెండూ పనికి రావు.

ముందు చెయ్యి పెట్టి చూడండి

తిండి మార్చే ముందు కుక్క ఇప్పుడు ఎలా ఉందో తెలియాలి, అది కంటితో తెలియదు. ముఖ్యంగా బొచ్చు ఎక్కువున్న కుక్కలు మోసం చేస్తాయి. కుక్కను నిలబెట్టి, దాని వెనక నిలబడి, రెండు బొటనవేళ్లు వెన్ను మీద పెట్టి మిగతా వేళ్లను పక్కటెముకల మీద మెల్లగా ముందుకీ వెనక్కీ జరపండి, నొక్కొద్దు. ఇప్పుడు మీ చేతినే కొలతగా పెట్టుకోండి. పిడికిలి బిగించి కణుపుల మీద వేలు రాస్తే ఎంత గట్టిగా తగులుతుందో పక్కటెముకలు అలా తగిలితే కుక్క చిక్కిపోయినట్టు. చెయ్యి చాపి అరచేతికి వెనకవైపు రాస్తే సన్నటి తోలు కింద ఎముక తెలిసినట్టు తగిలితే సరిగ్గా ఉంది. అరచేతిలో కండ మీద రాసినట్టు మెత్తగా ఉంటే ఒళ్లు ఎక్కువైంది. డాక్టర్లు దీన్నే 1 నుంచి 9 వరకు మార్కులు వేసి చెబుతారు, 4 లేదా 5 ఉంటే బాగున్నట్టు, పని కుక్కకు 4 దగ్గర ఉండటమే నా లెక్కలో మేలు. పై నుంచి చూస్తే నడుము దగ్గర లోపలికి తిరగాలి, పక్క నుంచి చూస్తే పొట్ట వెనక్కి పోయేకొద్దీ పైకి లేవాలి.

ముధోల్, కారవాన్ లాంటి సన్నటి వేటకుక్క రకాలు ఉన్నవాళ్లు (గద్వాల, మక్తల్ వైపు కర్ణాటక నుంచి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు) కంగారు పడొద్దు, వాటికి చివరి రెండు మూడు పక్కటెముకలు కంటికి కనిపించడం మామూలే. చుట్టాలొచ్చి "కుక్కకు తిండి పెడ్తలేరా ఏంది" అంటే పట్టించుకోకండి. మన్యంకొండ దగ్గర మంద ఆపుకున్న ఒక పెద్దాయనను మీ కుక్క బక్కగా ఉందేంటని అడిగితే ఆయన నన్నే చూసి నవ్వాడు: "బొర్ర పెరిగిన కుక్క మంద ఎనక ఏం నడుస్తది బిడ్డా."

బరువు కూడా నెలకోసారి రాసిపెట్టుకోండి. ఇంట్లో కాటా ఉంటే కుక్కను ఎత్తుకుని నిలబడి, తర్వాత మీ బరువు తీసేయండి. పెద్ద కుక్కైతే వడ్ల కొనుగోలు సెంటర్‌లో కాటా మీద నిలబెట్టినా ఎవరూ ఏమీ అనరు, నవ్వుతారంతే.

ఎంత పెట్టాలో లెక్క

ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరవండి. కుక్క బరువును కిలోల్లో వేసి, దాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని మళ్లీ ఆ బరువుతో గుణించండి. ఇప్పుడు వర్గమూలం బటన్ రెండుసార్లు నొక్కి, వచ్చినదాన్ని 70తో గుణించండి. 20 కిలోల కుక్కకు ఇది దాదాపు 660 వస్తుంది. అది ఏ పనీ చేయకుండా పడుకుంటే ఒంటికి కావాల్సిన కేలరీలు. ఇంటి దగ్గర ఉండి కాస్త తిరిగే కుక్కకు దీనికి ఒకటిన్నర రెట్లు దాటి కొంచెం, అంటే 1,050 దాకా. మంద వెనక రోజూ దూరం నడిచే కుక్కకు, గట్టి ట్రైనింగ్‌లో ఉన్న కుక్కకు రెండు నుంచి రెండున్నర రెట్లు, అంటే 1,300 నుంచి 1,650. అలాస్కాలో మంచు మీద బండ్లు లాగే కుక్కలు పందెం రోజుల్లో 10,000 కేలరీల దాకా తింటాయి. ఆ వీడియోలు చూసి ఇక్కడ నెయ్యి గరిటెలతో పోసే మహానుభావులున్నారు, దయచేసి వద్దు. అక్కడి చలి వేరు, అవి లాగే దూరం వేరు.

ఈ లెక్క మొదలుపెట్టడానికే. ఒకే రకం, ఒకే బరువు ఉన్న రెండు కుక్కలకు కూడా తిండి ఒకేలా సరిపోదు. రెండు వారాలు పెట్టి మళ్లీ పక్కటెముకలు తడమండి, మెత్తబడితే పదో వంతు తగ్గించండి, గట్టిగా తగిలితే పదో వంతు పెంచండి. పని లేని వారం వస్తే (ముసురు పట్టి మంద దొడ్లోనే ఉన్నప్పుడు, మీరు ఊరెళ్లినప్పుడు) ఆ రోజు నుంచే గిన్నె తగ్గాలి. పది రోజులయ్యాక చూద్దాంలే అంటే ఆ పది రోజుల కొవ్వు తీయడానికి నెల పడుతుంది.

గిన్నెలో ఏం వేయాలి

20 కిలోల బరువుండి రోజూ గట్టిగా పనిచేసే కుక్కకు ఒక రోజు తిండి, ఇంట్లో చేసేది, ఇలా ఉండొచ్చు: తోలుతో ఉన్న చికెన్ 300 గ్రాములు (ఎముక లేకుండా, పచ్చిది తూచాలి), జొన్న రవ్వ లేదా బియ్యం 150 గ్రాములు, రెండు గుడ్లు, ఒక పెద్ద చెంచా నూనె, గుప్పెడు ఉడికించిన ఆనిగెపుకాయో గుమ్మడికాయో క్యారెటో. ఇది 1,400 కేలరీల పైన వస్తుంది. చికెన్, గుడ్లు, జొన్న కలిపి 80 గ్రాములకు పైగా ప్రొటీన్ వస్తుంది, సగానికి కొంచెం తక్కువ శక్తి కొవ్వు నుంచి వస్తుంది. ఎక్కువ దూరం మెల్లగా నడిచే కుక్కకు అసలు ఇంధనం కొవ్వే, అన్నం కాదు. మనిషికి పని ముందు అన్నం తింటేనే బలం అనిపిస్తుంది కాబట్టి కుక్కకూ అలాగే అనుకుని బండెడు అన్నం కలుపుతాం, దాంతో పొట్ట నిండుతుంది, కండ నిలవదు.

జొన్న గటక, తైదంబలి తినే కుక్కలు మన దగ్గర తరతరాలుగా ఉన్నాయి, అవి చెడ్డవేమీ కావు. కానీ గటక, మజ్జిగ మాత్రమే పెడితే ప్రొటీన్ చాలదు. చేతిలో డబ్బు తక్కువుంటే చికెన్ సెంటర్‌కు వెళ్లి కోడి కాళ్లు, తలలు, కందనకాయలు, గుండెకాయలు తెచ్చుకోండి, పొద్దుపోయాక అడిగితే దాదాపు ఊరికే ఇస్తారు. కాళ్లను, తలలను ప్రెషర్ కుక్కర్‌లో బాగా ఎక్కువసేపు ఉడికించాలి, ఎముకను రెండు వేళ్ల మధ్య నలిపితే పిండి కావాలి. కరకరమంటే ఇంకో నాలుగు విజిల్స్ రానివ్వండి. మామూలుగా ఉడికిన ఎముక, దావత్‌లో మిగిలిన మటన్ ఎముక, కాల్చిన ఎముక, ఇవి చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి, అసలు పెట్టొద్దు.

మెత్తని మాంసమే పెడుతుంటే కాల్షియం ఉండదు, భాస్వరం మాత్రం బోలెడు ఉంటుంది, ఎముకలు లోపల నుంచి గుల్లవుతాయి. గుడ్డు పెంకులు ఉడకబెట్టి ఎండబెట్టి మిక్సీలో మెత్తగా పొడి చేసుకోండి. ఒక టీస్పూన్‌లో దాదాపు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది, పైన చెప్పిన గిన్నెకు ముప్పావు టీస్పూన్ చాలు. మెత్తబడేలా ఉడికిన ఎముకలు పెట్టే రోజు పొడి వద్దు. పిల్లలకు, ముఖ్యంగా పెద్ద జాతి కుక్కపిల్లలకు, కాల్షియం మందులు మెడికల్ షాపులో మీ అంతట మీరు కొని తాగించొద్దు. ఎక్కువైతే కాళ్లు వంకరపోతాయి, తక్కువైనా అంతే. జింక్, అయోడిన్, విటమిన్ ఈ లాంటివి ఇంటి తిండిలో సరిపోవు కాబట్టి ఎప్పుడూ ఇంటి తిండే పెట్టేవాళ్లు డాక్టర్‌ను అడిగి ఒక పొడి రాయించుకోండి. కార్జం వారానికి రెండు సార్లు, చిన్న ముక్క, రోజూ కాదు.

బస్తా తిండి పెట్టేవాళ్లు వెనక అచ్చువేసినది చదవండి. పని కుక్కకు ప్రొటీన్ 26 శాతం, కొవ్వు 15 శాతం పైన ఉన్నది చూడండి. కిలోకు 3,500 నుంచి 4,000 కేలరీలుంటాయి, కాబట్టి 1,400 కావాలంటే 350 నుంచి 400 గ్రాములు. డబ్బాతో కాదు, తూచి పెట్టండి. బస్తా విప్పి విడిగా అమ్మేది ఎండాకాలంలో కొనకండి, అందులో కొవ్వు పాడై ముక్కిన వాసన కొడుతుంది, కుక్క తినకపోతే గారాబం అనుకుంటాం.

తిండి ఏది మార్చినా వారం నుంచి పది రోజుల్లో మెల్లగా మార్చాలి. ఒక్కసారిగా కొవ్వు పెంచితే ముందు విరేచనాలు, కొన్నిటికి పాంక్రియాస్ వాస్తుంది, అది ప్రాణం మీదకొచ్చే జబ్బు.

పెట్టకూడనివి: ఉల్లిగడ్డ, ఎల్లిపాయ (అంటే మన కూర ఏదైనా, ఎందుకంటే అవి లేని కూర మన ఇళ్లలో ఎక్కడుంది), ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్. ఉల్లి రక్తకణాలను పగలగొడుతుంది, ఒక్కరోజులో కనిపించదు, రోజూ కూరన్నం తినే కుక్క చిగుళ్లు తెల్లబడి నీరసపడ్డాక తెలుస్తుంది. పాలు చాలా కుక్కలకు పడవు, పెరుగు, మజ్జిగ పడతాయి.

గొర్రె కోసిన రోజు

ఇది మంద ఉన్నవాళ్లందరూ తెలుసుకోవాలి, అందుకే విడిగా రాస్తున్నా. గొర్రెను కోసినప్పుడు కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో నీటి బుడగలు కనిపిస్తే "ఇది మనకు పనికిరాదు" అని కుక్క ముందు విసిరేస్తారు. ఆ బుడగల్లో ఉండేది ఒక బద్దెపురుగు పిల్లలు. కుక్క పేగులో అవి పెద్దవై (పెద్దవంటే కొన్ని మిల్లీమీటర్లే, మలంలో మనకు కనపడవు) గుడ్లు పెడతాయి, అవి గడ్డి మీద, నీళ్లలో, కుక్క బొచ్చు మీద ఉంటాయి. గొర్రె ఆ గడ్డి తింటే మళ్లీ బుడగలు, కుక్కను నిమిరి చెయ్యి కడుక్కోకుండా అన్నం తిన్న మనిషికి కూడా కార్జంలో, ఊపిరితిత్తుల్లో అవే బుడగలు, ఆపరేషన్ దాకా పోతుంది. తల ఒక పక్కకు వంచి గుండ్రంగా తిరుగుతూ చచ్చిపోయే గొర్రెలను చూసే ఉంటారు, దానికి కారణం ఇంకో బద్దెపురుగు, అదీ కుక్కల నుంచే, ఆ గొర్రె తల మళ్లీ కుక్కకే పడుతుంది.

కాబట్టి పచ్చి లోపలి భాగాలు వద్దే వద్దు. బుడగలున్న దాన్ని కాల్చేయండి లేదా లోతుగా పూడ్చండి, బాగున్న వాటిని ముక్కలు చేసి ముప్పావు గంట ఉడికించి పెట్టండి. పచ్చివి దొరికే అవకాశం ఉన్న కుక్కకు ఆరు వారాలకోసారి ప్రాజిక్వాంటెల్ ఉన్న మాత్ర వేయాలి, మామూలు ఇంటి కుక్కకైతే మూడు నెలలకోసారి నట్టల మందు చాలు. బరువు చెప్పి డాక్టర్ దగ్గర మోతాదు రాయించుకోండి.

ఎప్పుడు పెట్టాలి

పని అయిపోయాక. ఇదొక్కటి మారిస్తే సగం తేడా కనిపిస్తుంది. రోజు తిండిలో పెద్ద భాగం సాయంత్రం పని ముగిసి, కుక్క రొప్పు తగ్గి, ఒళ్లు చల్లబడ్డ గంట తర్వాత పెట్టండి. పొద్దున బయల్దేరే ముందు కనీసం రెండు మూడు గంటల ముందు, అదీ నాలుగో వంతు మించకుండా, లేదా ఏమీ వద్దు. కుక్క ఖాళీ కడుపుతో చక్కగా నడుస్తుంది, మనమే ఆగలేం.

కడుపు నిండా తిని పరిగెత్తితే లోతైన ఛాతీ ఉన్న కుక్కలకు (జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, గ్రేట్ డేన్) కడుపు గాలితో ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. వాంతికి ప్రయత్నిస్తుంది కానీ ఏమీ రాదు, పొట్ట డోలులా బిగుస్తుంది, ఒకచోట నిలవదు. అలా కనిపిస్తే రేపు పొద్దున చూద్దాం అనుకోవడానికి లేదు, గంటల్లో ప్రాణం పోతుంది, ఆపరేషన్ చేయగలిగే చోటికి అప్పుడే బయల్దేరాలి. రోజుకు ఒక్కసారే పెద్ద గిన్నె కాకుండా రెండుగా పెట్టడం, ఆబగా మింగే కుక్కకు వెడల్పాటి పళ్లెంలో పరిచి పెట్టడం మంచిది.

నీళ్లు, ఎండ

తిండి కంటే ఇదే పెద్ద సమస్య మన దగ్గర. మే నెలలో నల్లగొండలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, పాలమూరులోనూ పెద్ద తేడా ఉండదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని కూలర్. ఊరికే ఉన్న కుక్కకు కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు, అంటే 20 కిలోలదానికి లీటరు పైన నీళ్లు కావాలి, ఎండలో పనిచేస్తే దానికి రెండు మూడు రెట్లు. పని మధ్యలో పావుగంట ఇరవై నిమిషాలకోసారి కొంచెం కొంచెం ఇవ్వండి. తాగని కుక్కకు నీళ్లలో రెండు చెంచాల మజ్జిగ కలిపితే వాసనకు తాగుతుంది. ఉప్పు వేయొద్దు, చెమటలో ఉప్పు పోయేది మనకు, దానికి కాదు.

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు బోరు నీళ్ల సంగతి మళ్లీ చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ మనుషుల ఎముకల మీదే కాదు, పశువుల పళ్ల మీద, కీళ్ల మీద కూడా పనిచేస్తుంది. భగీరథ నీళ్లు వస్తున్నప్పుడు కుక్క తొట్టిలో కూడా అవే పోయండి.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిది లోపల పని ముగించండి, మళ్లీ సాయంత్రం ఆరు తర్వాతే. సీసీ రోడ్డు మీద అరచేతి వెనకవైపు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలకూ అంతే. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి రెండు వారాలైనా పడుతుంది, ఏసీ గదిలో పెంచి ఆదివారం గుట్ట ఎక్కించే వాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి.

వడదెబ్బ గుర్తులు: నాలుక వెడల్పుగా సాగి చివర పైకి మడత పడుతుంది, చిగుళ్లు ఎర్రగా కందిపోతాయి, చొంగ చిక్కగా తీగల్లా కారుతుంది, పిలిస్తే పలకదు, వెనక కాళ్లు తూలుతాయి. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్, 106 దగ్గరికి వస్తే లోపల అవయవాలు దెబ్బతింటున్నట్టే. అప్పుడు ముందు చల్లబరచాలి, తర్వాతే ఆస్పత్రికి. నీడకు లాగి, మోటారు కింద పెట్టో బిందెలతోనో ఒళ్లంతా ఆగకుండా నీళ్లు పోసి గాలి తగిలేలా విసరండి. తడి బట్ట కప్పి వదిలేయొద్దు, కాసేపటికి ఆ బట్టే వేడిని లోపల బంధిస్తుంది. తెలివిలో లేని కుక్క నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 103కు దిగాక ఆపి, బండి అద్దాలు దించి తీసుకెళ్లండి. లేచి తిరిగినా సరే చూపించాలి, కిడ్నీలు దెబ్బతిన్న సంగతి మర్నాడు బయటపడుతుంది. పారాసిటమాల్, డైక్లోఫెనాక్ లాంటి మన మాత్రలు వేయడం మాత్రం విషం పెట్టడమే.

పరుగు, నడక, కాళ్లు

ఖాళీగా ఉన్న కుక్కను ఒక్కసారి పనిలోకి దించొద్దు. మొదటి వారం రోజుకు అరగంట నడక, తర్వాత వారానికి పదో వంతు చొప్పున పెంచుకుంటూ పోండి, వారంలో ఒకరోజు పూర్తిగా సెలవు. ఏడాది నిండని పిల్లను, పెద్ద జాతైతే ఏడాదిన్నర దాకా, బైకు వెనక పరుగెత్తించడం, ఎత్తుల మీద నుంచి దూకించడం చేయకండి. బైకుకు తాడు కట్టి ఉరికించడం పెద్ద కుక్కకైనా తప్పే అంటాను నేను, అది ఆగాలనుకున్నప్పుడు ఆగలేదు. అడవి పందులనో కుందేళ్లనో వేటాడటానికి కుక్కను తయారు చేసేవాళ్లకు నా దగ్గర సలహా లేదు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

ఈత మంచి వ్యాయామం, కీళ్ల మీద బరువు పడదు. కానీ ఎండాకాలం చెరువు మీద ఆకుపచ్చ తెట్టు కట్టి ఉంటే అందులో దించొద్దు, కొన్నిసార్లు ఆ నాచే విషం. సాగర్ ఎడమ కాలువ, ఏఎమ్మార్పీ కాలువ లాంటి సిమెంటు గోడలున్న వాటిలో అసలు వద్దు. నీళ్లు లాక్కుపోతాయి, గోడ నున్నగా ఉంటుంది, కుక్క గోళ్లతో గీరుకుంటూ జారుతూనే ఉంటుంది, మనం దిగితే మనమూ అంతే.

పని ముగిసిన ప్రతిసారీ కింద కూర్చుని నాలుగు పాదాలూ ఒక్కొక్కటే తీసి చూడండి. వేళ్ల మధ్య చర్మం విప్పి చూడాలి, పల్లేరు కాయ అక్కడే ఇరుక్కుంటుంది, సర్కారు తుమ్మ ముల్లు మెత్త లోపలికి విరిగిపోయి పైకి చిన్న నల్ల చుక్కలా కనిపిస్తుంది. కుక్క అదే చోట నాకుతూ ఉంటే ముల్లు ఉన్నట్టే. గోళ్లు నేలకు టకటక తగులుతుంటే పెరిగినట్టు, లోపలివైపు పైనుండే ఐదో గోరు నేలకు అరగదు కాబట్టి గుండ్రంగా తిరిగి చర్మంలోకి దిగుతుంది, దాన్ని మర్చిపోకండి. పత్తి చేలో మందు కొట్టిన రోజు కుక్కను అటు పోనీయొద్దు, మందు కలిపిన డ్రమ్ము కడిగిన నీళ్లు తాగి పోయిన కుక్కలు ప్రతి సీజన్‌లో ఉంటాయి. నోట్లో నురగ, కంటిపాప సూదిమొనలా చిన్నదవడం, వణుకు కనిపిస్తే మందు డబ్బాను కూడా పట్టుకుని డాక్టర్ దగ్గరికి ఉరకండి, పేరు చూస్తేనే విరుగుడు తేలుతుంది.

వాసన పట్టే కుక్కలకు కొంచెం విడిగా

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమ గట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు, కేరళ పోలీసుల దగ్గర నుంచి శవాల వాసన పట్టే జాగిలాలను తెప్పించిన సంగతి మనందరం టీవీల్లో చూశాం. పదమూడు కిలోమీటర్లకు పైగా లోపల, బురద, ఊట నీరు, ఉక్కపోత మధ్య పనిచేయాలంటే ఆ కుక్కను ఎలా సిద్ధంగా ఉంచాలో ఆలోచించండి. అందులో మనం నేర్చుకోగలిగేవి కొన్ని ఉన్నాయి.

కుక్క రొప్పుతున్నప్పుడు వాసన సరిగా పట్టలేదు, రెండు పనులూ ఒకే గాలితో జరగాలి కదా. అంటే ఒళ్లు వేడెక్కితే ముక్కు పని ఆగినట్టే. అందుకే ఇరవై ముప్పై నిమిషాలు వెతికించి, నీడకు తెచ్చి, నీళ్లిచ్చి, ఒళ్లు చల్లబడ్డాక మళ్లీ పంపాలి. రోజంతా పని ఉంటే మధ్యలో చిన్న చిన్న ముక్కలు, ఉడికించిన చికెన్‌దో గుడ్డుదో, రాత్రికి పెద్ద గిన్నె. బురదలో, శిథిలాల్లో తిరిగొచ్చిన కుక్కను అది తన ఒళ్లు నాకేలోపే మంచినీళ్లతో కడగాలి. ఇంకొకటి, విరేచనాలకు మనం అలవాటుగా వేసే మెట్రోనిడజోల్ కొన్ని కుక్కల్లో వాసన పట్టే శక్తిని తాత్కాలికంగా తగ్గించిందని పరీక్షల్లో తేలింది. మీ కుక్క చేసే పని ఏంటో డాక్టర్‌కు ముందే చెప్పండి.

రోడ్డు మీద నుంచి తెచ్చిన కుక్కైతే

ఎముకల గూడులా ఉన్న కుక్కను తెచ్చి జాలితో కడుపు నిండా పెట్టకండి. రోజుల తరబడి తిండి లేని ఒంట్లో ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో భాస్వరం, పొటాషియం పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. ఇప్పటి బరువుకు పైన చెప్పిన 70 లెక్క వేసి, మొదటి రోజు అందులో పావు వంతు, అదీ నాలుగైదు సార్లుగా, తర్వాత వారం పది రోజుల్లో మెల్లగా పూర్తి లెక్కకు తీసుకెళ్లండి. అన్నం తక్కువ, గుడ్డు, చికెన్ ఎక్కువ. మొదటి నెల పరుగులు వద్దు, నడకే. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే రెండు వారాలు దూరంగా ఉంచండి, పార్వో, డిస్టెంపర్ లాంటి అంటుజబ్బులు బయటపడటానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది.

సూదులు, పిడుదులు

రేబిస్ టీకా మూడు నెలల వయసులో, తర్వాత ఏటా. జూలై 6న జూనోసిస్ దినం నాడు పశువుల ఆస్పత్రుల్లో ఉచితంగా వేస్తారు. వరి మళ్లలో, కాలువ గట్ల మీద తిరిగే కుక్కకు (మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వాళ్లు ముఖ్యంగా) లెప్టోస్పైరోసిస్ కలిసిన టీకా కూడా కావాలి, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వస్తుంది, మనిషికీ వస్తుంది.

పిడుదులు, మన వైపు గోమార్లు అంటాం, చెవి లోపల, వేళ్ల మధ్య, తోక కింద వెతకాలి. బాగా తింటూనే చిక్కిపోతున్న కుక్క, జ్వరం, ముక్కు నుంచి రక్తం, చిగుళ్ల మీద ఎర్ర చుక్కలు కనిపిస్తే రక్తపరీక్ష చేయించండి, పిడుదుల జ్వరం మన దగ్గర చాలా ఎక్కువ, మందుకు లొంగే జబ్బే. పశువులకు కొట్టే మందును కుక్క మీద కొట్టొద్దు, మోతాదు తప్పితే అదే విషం.

రాత్రిపూట ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలో ఇప్పుడే రాసి గోడకు అంటించుకోండి. 1962 సంచార పశువైద్య వాహనం ప్రధానంగా పశువుల కోసం, కుక్కను చూస్తారో లేదో ముందే అడిగి పెట్టుకోండి. పెద్ద కేసైతే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉంది. తీసుకెళ్లేటప్పుడు నొప్పితో ఉన్న కుక్క మీ చేతినైనా కరుస్తుంది కాబట్టి మూతికి గుడ్డ కట్టండి, కానీ వడదెబ్బ తగిలిన కుక్కకు, వాంతులవుతున్న కుక్కకు మూతి కట్టకూడదు.